మధ్యాహ్నం పూట లేచే ఇల్లు

మా మేడ మీదుగా పోయే కరెంటు తీగ ఏదో ఒక మధ్యాహ్నం మా నాలుగేళ్ళ మీనూ చేతికి అందుతుందని నా భయం. నాకున్న భయాలన్నిటిలోకీ ఇదే పెద్దది. పిల్ల అన్నం తినకపోవడం, దోమలు, మా ఆయన గూడ్సు బండి మీద డ్యూటీకి పోయి ఫోనెత్తకపోవడం, ఇవన్నీ దీని వెనకాల వరసలో నిలబడతాయి.

అయితే ఈ భయానికి ఆధారం లేదని శాఖాపరంగా తేలిపోయింది. మానవజాతి నిప్పు కనిపెట్టింది, చక్రం కనిపెట్టింది, ఆ తర్వాత చాలాకాలం ఊరికే కూర్చుని, చివరికి తీగను ముట్టుకోకుండా, చూడకుండా, ఆ దరిదాపులకు కూడా పోకుండా అది ఎంత వేడిగా ఉందో చెప్పే విద్య కనిపెట్టింది. ఆ విద్య పోయినేడు మన బిలాస్‌పుర్‌కు వచ్చింది. దానికోసం తీగల శాఖలో 'ఊహా ఉష్ణోగ్రత విభాగం' అని ఒకటి తెరిచారు. తీగలో కరెంటు ఎంత పోతోంది, బయట ఎండ ఎంత, గాలి ఎంత, ఈ మూడూ అందిస్తే కంప్యూటరు తీగ వేడిని ఊహిస్తుంది. ఊహించిన అంకె 'తార్ సాథీ' అనే యాప్‌లో పది నిమిషాలకోసారి పడుతుంది. తీగ డెబ్బై అయిదు డిగ్రీలు దాటితే బాగా సాగి కిందికి వేలాడుతుంది కనుక అప్పుడు కరెంటు తగ్గించాలి. ఇదీ ఏర్పాటు.

ఇందులో నాకు ఏ అభ్యంతరమూ లేదు. మూత తీయకుండా అన్నం ఉడికిందో లేదో చెప్పే మనిషి మా ఇంట్లోనే ఉంది, మా అత్తగారు అచ్చియమ్మ. (సగంసార్లు తప్పు చెబుతుంది. తినేది మేమే కనుక ఇంతవరకు ఫిర్యాదులు నమోదు కాలేదు.)

మా మామగారు రైల్వేలో రిటైరై క్వార్టరు ఖాళీ చేసినప్పుడు ఊళ్ళోనే మంగ్లాలో ఈ ఇల్లు కొన్నారు. చూడ్డానికి డిసెంబరులో వెళ్ళారు. డిసెంబరులో తీగ ఎంతో మర్యాదగా ఆకాశంలో ఉంది. మే నెలలో ఒక మధ్యాహ్నం వచ్చి చూడాలని ఎవరికీ తోచలేదు. మామగారు ఇప్పుడు లేరు. తీగ ఉంది.

పక్కింటివాళ్ళ మేడ మీద నీలం రంగు నీళ్ళ ట్యాంకు ఉంది. వాళ్ళు వేసవికి తాళం వేసి ఊరెళ్ళారు గాని ట్యాంకు ఎక్కడికీ పోలేదు. దాని ఒంటి చుట్టూ తొమ్మిది గీతలు. మా వంటింటి కిటికీ దగ్గర ఒకే చోట నిలబడి చూస్తే పొద్దున్న ఏడింటికి తీగ పైనుంచి రెండో గీతకు ఎదురుగా ఉంటుంది. మధ్యాహ్నం రెండింటికి ఆరో గీత దగ్గరకు దిగుతుంది. పొద్దుగూకాక మళ్ళీ మెల్లగా ఎక్కుతుంది. తొమ్మిదో తరగతిలో, వేడికి లోహం సాగుతుందనే పాఠం అయ్యాకనే నా చదువు ఆపించారు. అందువల్ల ఆ ఒక్క సంగతి నాకు గట్టిగా తెలుసు.

తీగ ఆరో గీత మీద ఉన్నప్పుడు యాప్ తెరిచి చూశాను. ఊళ్ళో ఎండ నలభై అయిదు. తీగ వేడి ముప్పై ఒకటి. అంటే మిట్టమధ్యాహ్నం బిలాస్‌పుర్‌లో ఆరుబయట ఉన్న వస్తువులన్నిటిలోకీ చల్లనిది మా తీగే. కుండలో నీళ్ళు కూడా దాని తర్వాతే.

ఇదంతా చూసి కూడా నేను ఊరుకుందును. కాని మా అత్తగారు ఏటా ఎండల్లో గుమ్మడి వడియాలు పెడుతుంది. రాయ్‌గఢ్ నుంచి రాయ్‌పుర్ దాకా ఉన్న మా చుట్టాలందరికీ ఆవిడ వడియాలే దిక్కు. మేడ మీద చీర పరిచి వడియాలు పెట్టాక, కాకులు తోలే ఉద్యోగం మనవరాలికి ఇచ్చింది. ఉద్యోగంతోపాటు పనిముట్టు కూడా ఇచ్చింది. పడగ్గదిలో కర్టెన్ తీసేసి, దాని ఇనప రాడ్డు.

"కౌవా! కౌవా ఆయా, నానమ్మా!" అని మీనూ ఆ రాడ్డును ఆకాశంలోకి ఎత్తి తిప్పుతుంటే చూసి నా ప్రాణం పోయి, మెట్లెక్కేలోగా తిరిగొచ్చింది.

"అత్తయ్యా, పిల్ల చేతికి ఇనుము ఇస్తారా? పైన తీగ దిగుతోంది, చూడండి" అన్నాను.

"ఏటి దిగుతాది? నువ్వే కదే ఫోన్ల సూపించినావు, ముప్పైయొకటి అని. నాకు జొరమొస్తే నూటరెండొస్తాది. నేనేటి మంచం దాటి సాగిపోతన్నానా?"

"అది కాదు అత్తయ్యా..."

"కాకులు తోలకపోతే ఒడియాలుంటాయేటే? ఆ ఆఫీసోళ్ళు సదువుకున్నోళ్ళు. ఆళ్ళకి తెలీదు గాని నీకు తెలిసీసింది."

రాడ్డు దాచాను. మర్నాడు గొడుగు వచ్చింది. గొడుగు దాచాను. ఆ తర్వాత మామగారి పాత చేతికర్ర బయటికొచ్చింది. దాని కొసకు ఇత్తడి పొన్ను. మా ఇంట్లో ఇన్ని పొడవాటి వస్తువులున్నాయని నాకు అంతవరకు తెలియదు.

హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. రికార్డు చేసిన గొంతు మా తీగ ముప్పై ఒక్క డిగ్రీల్లో ఉన్నదని తెలియజేయుటకు సంతోషించింది. దీనితో తృప్తి చెందితే ఒకటి నొక్కమంది. త్వరలో తృప్తి చెందబోతుంటే రెండు నొక్కమంది. మూడు లేదు.

కాబట్టి పిల్లను చంకనేసుకుని, రెండు ఆటోలు మారి, నది దాటి రాజ్‌కిశోర్ నగర్‌లో ఉన్న ఆ విభాగానికి వెళ్ళాను. అక్కడి ఊహాధికారి పేరు తిరుమలరావు గారు. తెలుగాయనే కావడంతో నాకు కొండంత ధైర్యం వచ్చింది. (తెలుగువాళ్ళు ఎదురైతే పని అవుతుందని కాదు. ఎందుకు అవదో మన భాషలో తెలుస్తుందని.)

"రండమ్మా, ఇలా కూలర్ దగ్గర కూర్చోండి. పాపను కూడా. మీది ఏ ఊరు?"

"అత్తవారిది పలాస దగ్గరండి. ఇక్కడే మూడు తరాలుగా రైల్వేలో."

"అచ్ఛా, అచ్ఛా. చెప్పండి, తీగ మిమ్మల్ని ఏమంది?"

చెప్పాను. ట్యాంకు, గీతలు, వడియాలు, రాడ్డు, అన్నీ. ఆయన తల ఊపుతూ విన్నారు. అంతసేపూ నా చూపు కూలర్ ముందున్న స్టూలు మీదే ఉంది. ఆ స్టూలు మీద తెల్లటి సాసర్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న పరికరం. దాని నెత్తిన మూడు చిన్న గిన్నెలు కూలర్ గాలికి గిర్రున తిరుగుతున్నాయి. మీనూ అప్పటికే దాన్ని చూసి చప్పట్లు కొడుతోంది.

"అదేంటండీ?" అని అడిగాను.

"అదే మా విభాగానికి గుండెకాయ. గాలీ వేడీ కొలుస్తుంది. ఇది చెప్పిందాన్నిబట్టే మీ తీగ వేడి లెక్క కట్టేది."

"ఇది బయట ఉండాలి కదండీ?"

తిరుమలరావు గారు నొచ్చుకోలేదు. లేచి బీరువా తెరిచి, పరికరం వచ్చిన అట్టపెట్టె తీసి నా ముందు పెట్టారు. దాని మీద హిందీలోను ఇంగ్లీషులోను రాసి ఉంది, ఎండ తగలని చల్లని చోట ఉంచవలెనని.

"చూశారా? పోయిన మేలో బయట పెట్టాం. రెండు వారాల్లో ప్లాస్టిక్ వంకర తిరిగిపోయింది. ఎందుకు వంకర తిరిగిందని విచారణ వేశారు. పెట్టె మీద రాసినా చదవలేదా అని నన్ను నిలదీశారమ్మా. కొత్తది వచ్చింది. ఈసారి చదివాం."

"మరి తీగ ఎండలోనే ఉంది కదండీ?"

"తీగ పెట్టెలో రాలేదమ్మా. చుట్టగా వచ్చింది. చుట్ట మీద ఏమీ రాసి లేదు."

కూలర్‌లో వట్టివేళ్ళ తడక ఉంది. చల్లటి, వాసనగల గాలి తెరలు తెరలుగా వచ్చి గిన్నెలను తిప్పుతోంది. మా తీగ అనుభవిస్తున్న వాతావరణం ఎంత హాయిగా ఉందో అప్పుడు నాకు అర్థమైంది. ఇంకో సంగతి కూడా అర్థమైంది. పోయిన నెల ఒకరోజు ఊరంతా రెండు గంటలు కరెంటు పోయింది. అప్పుడు మాత్రం యాప్ నుంచి వరసగా హెచ్చరికలు వచ్చాయి, తీగ వేడెక్కుతున్నది, పిల్లలను దూరంగా ఉంచుడని. కరెంటు రాగానే ప్రమాదం తప్పిందని ఇంకొకటి వచ్చింది. కరెంటు పోతే కూలర్ ఆగుతుంది. అందుచేత ఈ శాఖ లెక్కలో తీగ ప్రమాదకరమయ్యేది అందులో కరెంటు లేనప్పుడే.

ఈ మాటే మర్యాదగా చెప్పాను. తిరుమలరావు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"అమ్మా, మీరు అబద్ధం చెబుతారని నేను అనను. మీకూ తీగకూ మధ్య దూరం తగ్గింది. ఒప్పుకున్నాను. తీగ దిగలేదు. అది అంకె చెబుతోంది, దాన్నీ ఒప్పుకోవాలి. రెండూ నిజమైనప్పుడు మిగిలింది ఒక్కటే కదా?"

"ఏమిటండీ?"

"మీ ఇల్లు లేస్తోంది" అన్నారు, రాసుకుంటూ.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. నాలుగో రోజు నోటీసు వచ్చింది.

విషయం: మధ్యాహ్న వేళల్లో ముందస్తు అనుమతి లేకుండా గృహము పైకి లేచుట గురించి. మంగ్లాలోని తమ గృహము ప్రతిదినము ఒంటిగంట నుండి నాలుగు గంటల మధ్య సుమారు నాలుగు ట్యాంకు గీతల మేర పైకి లేచి, నిశ్చలముగా నున్న శాఖా తీగకు ఇబ్బంది కలిగించుచున్నట్లు తమ ఫిర్యాదు ద్వారానే మా దృష్టికి వచ్చినది. గృహము లేచుటకు గల కారణములను తెలుపవలెను. పరిశీలకుని రాకపోకల నిమిత్తము మేడ మెట్ల దారిని ఏ విధముగాను మూయరాదు.

(ట్యాంకు గీత అనే కొలతను శాఖ స్వీకరించినందుకు కాస్త గర్వంగానే అనిపించిందని ఒప్పుకోవాలి.)

నోటీసు మా అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడ గోడ మీద చెయ్యి వేసి చూసింది.

"ఏమో మరి. మజ్జానం పడుకుంటే నాకూ మంచం తేలినట్టుంటాది. బీపీ అనుకున్నాను" అంది.

పరిశీలకుడు దిలీప్. యాభై దాటిన మనిషి, తలకు తువ్వాలు చుట్టుకుని, పొడవాటి టేపు, ఒక రిజిస్టరు పట్టుకుని పొద్దున్న తొమ్మిదింటికి వచ్చాడు. ఇల్లు లేచేది ఒంటిగంట తర్వాత కదా అన్నాను.

"దీదీ, లూ చల్ రహీ హై" అన్నాడు. వడగాడ్పులని. పన్నెండు నుంచి నాలుగు దాకా సిబ్బంది ఎండలో పనిచేయరాదని ఉత్తర్వు ఉందట. మంచి ఉత్తర్వు. ఆయన్ని తలుచుకుంటే నాకే జాలేసింది. అందువల్ల ఇల్లు లేచే సమయంలో పరిశీలన నిషిద్ధం, పరిశీలన జరిగే సమయంలో ఇల్లు లేవదు. దిలీప్ మేడెక్కి, మెట్ల మీది నీడలో కూర్చుని, ఒంటిగంట గడిలో, రెండు గంటల గడిలో, మూడు గంటల గడిలో అంకెలు వేసేశాడు.

"మధ్యాహ్నం ఎంత లేస్తుందో ఇప్పుడే రాసేస్తారా?"

"అందాజ్ సే, దీదీ. వాళ్ళు తీగకి అందాజు వేస్తున్నారు, నేను ఇంటికి వేస్తున్నాను" అన్నాడు హిందీలో, కొంచెం సిగ్గుపడుతూ.

మజ్జిగ ఇచ్చాను. అత్తగారు పోయినేటి వడియాలు నాలుగు వేయించి పెట్టింది. ఆయన తింటూ తింటూ పైకి చూశాడు. అప్పుడే మీనూ చేతికర్రతో వచ్చింది. పొద్దున్నే కావడంతో తీగ ఇంకా పైనే ఉంది. దిలీప్ తీగ వంక చూశాడు, కర్ర వంక చూశాడు, నమలడం ఆపేశాడు.

"దీదీ, బచ్చీ కో ఊపర్ మత్ ఆనే దో." పిల్లను పైకి రానివ్వొద్దని.

"ఆ మాటే రాయండి, భయ్యా. అది ఒక్కటి రాయండి చాలు."

ఆయన రిజిస్టరు మొదటి నుంచి చివరిదాకా తిప్పాడు. తిప్పి, వెనక అట్ట మీద కూడా చూశాడు.

"కాలమ్ నహీఁ హై, దీదీ" అన్నాడు, అది రాసే గడి లేదని. ఆ మాట అంటున్నప్పుడు నా మొహంలోకి చూడలేదు.

ఆయన వెళ్ళాక మెట్లకు అడ్డంగా నులక మంచం నిలబెట్టి, పాత చీరతో కటకటాలకు కట్టేశాను. రెండు రోజులు నిద్ర పట్టింది. మూడో రోజు దిలీప్ స్థానంలో వేరేవారు వచ్చి మంచానికి ఫోటో తీసుకుపోయారు. రెండో నోటీసులో మా నేరాలు రెండయ్యాయి, ఒకటి ఇల్లు లేవడం, రెండు దారి మూయడం. మంచం ఆ రోజే తీసేయాలి, తీసేసినట్టు ఫోటో పెట్టాలి, ఇంకోసారి దారి మూస్తే లేస్తున్న గృహముగా ఎంచి ఇంటి కరెంటు తీసేయబడును. ఇంట్లో ఫ్యాను లేకపోతే ఈ ఎండలకి పిల్ల ఉండలేదు. ఫోటో పెట్టాను.

మా ఆయన రాజేంద్ర, అసిస్టెంట్ లోకో పైలట్. ఫోన్ దొరికినప్పుడు ఈ సంగతంతా చెప్పి ఏడ్చాను. ఆయన ఇంజను చప్పుడులోంచే ఓదార్చారు.

"భయపడకే. ఎంత ఎండలోనైనా మా బండి మీది తీగ దిగదు, తెలుసా? స్తంభం దగ్గర బరువులు వేలాడదీసి లాగి ఉంచుతారు. తీగ సాగితే ఆ బరువులే కిందికి దిగి మళ్ళీ బిగిస్తాయి. ఏ ఊహలూ అక్కర్లేదు."

"మరి మన తీగకి కట్టొచ్చు కదా?"

"అది రైలు తీగే, పిచ్చిదానా. వదులైతే బండి ఆగిపోతుంది."

న్యాయమైన మాట. ఇంజనుకు తీగ సరిగ్గా అందాలి కనుక దానికి బరువులు కట్టారు. మా పిల్లకు అందకూడదు కనుక దీనికి యాప్ కట్టారు.

ఇప్పుడు మూడో నోటీసు వచ్చింది. వచ్చే మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలకు విచారణ. గృహము తరఫున నేను స్వయంగా హాజరై, అది ఎందుకు లేస్తున్నదో చెప్పి, ఇకమీదట లేవనివ్వనని రాసివ్వాలి. రాకపోతే ఇల్లు తప్పు ఒప్పుకున్నట్టే. నోటీసు కింద సాంకేతిక సూచనలున్నాయి. విచారణ సమయంలో గృహము బరువు తగ్గితే మరింత పైకి లేచే అవకాశం ఉన్నందున, హాజరయ్యే వ్యక్తి తప్ప తక్కిన కుటుంబసభ్యులు ఇల్లు విడువరాదు. హాజరయ్యే వ్యక్తి బరువుకు సమానమైన బరువును ముందు గదిలో ఉంచవలెను. నా బరువు యాభై ఒక్క కిలోలు. ఇరవై అయిదు కిలోల బియ్యం బస్తాలు రెండు, ఒక ఉప్పు ప్యాకెట్టు ఇప్పటికే ముందు గదిలో పెట్టాను. పిల్లను వెంట తీసుకుపోతానని తిరుమలరావు గారికి ఫోన్ చేసి బతిమాలాను.

"పాప బరువెంతమ్మా?"

"పదిహేను కిలోలండి. ఇంకో బస్తా పెడతాను."

"ఒక మనిషికి బదులు బస్తా పెట్టొచ్చని ఉంది. ఇద్దరికి పెట్టొచ్చని లేదు. నేను ఒప్పుకుంటే రేపు నామీద విచారణ వేస్తారు. ఒకసారి అయింది కదమ్మా" అన్నారు. ఆ గొంతులో నిజంగానే భయం ఉంది. భయం ఎలా ఉంటుందో నాకు తెలుసు కనుక ఫోన్ పెట్టేశాను.

మా ఆయనకు సెలవు దొరకలేదు. ఈ ఒక్క మంగళవారం వడియాలు మానమని అత్తగారి కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను.

"మంగళారం పెడితేనే పురుగు పట్టదే. సోమారం రేత్రికి గుమ్మడికాయ కోసి ఉప్పేసీసినాక మరి ఆగుతాదేటి? నేనుండగా పిల్లకేటవుతాది? కళ్ళల్లో ఒత్తులేసుకుని సూస్తాను."

"మధ్యాహ్నం మీకు నిద్రొస్తుంది, అత్తయ్యా."

"నేనేటి నిద్దరోతానే! కూకుని సూస్తాను" అంది. ఆ మాట నాతో మంచం మీద పడుకునే అంది, అది పూర్తయ్యేలోపే నిద్రపోయింది.

కాబట్టి ఇది రాస్తున్నాను. మన ఊళ్ళో తెలుగు చదివేవాళ్ళు ఇప్పుడు ఎక్కువమంది లేరు. ఈ పత్రిక మీ చేతికి వచ్చి, మీరు ఇంతదాకా చదివారంటే ఓపిక గల మనిషి అయ్యుంటారు. మంగళవారం మధ్యాహ్నం రెండింటి ప్రాంతంలో మీరు మంగ్లా వైపు వస్తే, చౌక్ నుంచి రెండో గల్లీలో సున్నం వేయని మేడ మాది. తీగ ఎక్కడుందని చూడకండి. ఇల్లు లేచిందా అని కొలవకండి. మేడ మీద పిల్ల ఉందా, దాని చేతిలో ఏముంది, అది చూడండి. కనిపిస్తే మీనూ అని పిలవండి. తెలుగులో కేకేస్తే నవ్వి ఊరుకుంటుంది. హిందీలో చెప్పండి, వడియాలు కాకులకు వదిలేసి కిందికి రమ్మని. అది ఆఖరి మెట్టు దిగి గడప లోపలికి వెళ్ళేదాకా మీరు కదలకండి.

నేనే రావలసింది. కాని ఆ వేళకు నేను ఆఫీసులో, ఇంటి తరఫున తీగకు క్షమాపణ చెబుతూ ఉంటాను.